ఐర్లాండ్ పాట ఐరిష్‌లో ఉండాలి: ఐర్లాండ్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్‌టీఈ డైరెక్టర్ జనరల్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డైరెక్టర్ జనరల్ గారికి,

డబ్లిన్‌లో స్థిరపడిన ఒక తెలుగువాడి నమస్కారాలు. ఐరోపా దేశాల పాటల పోటీ యూరోవిజన్‌లో ఐర్లాండ్‌కు ఏడు విజయాలు తెచ్చిన పాటలన్నీ ఇంగ్లిష్‌వే. రాజ్యాంగం ప్రథమ అధికార భాషగా గుర్తించిన ఐరిష్‌లో మాత్రం 1972లో ఎడిన్‌బరోలో శాండీ జోన్స్ పాడిన పాట తప్ప మరొకటి ఆ వేదిక ఎక్కలేదు. అర్థంకాని భాషకు ఓట్లు రావేమోనన్న సందేహం సహజమే. కానీ 2017లో సాల్వడోర్ సోబ్రాల్ పోర్చుగీసులోనే పాడి, 1964లో పోటీలో అడుగుపెట్టిన తన దేశానికి తొలి విజయం అందించాడు. ఐరిష్ భాషా టీవీ చానెల్ టీజీ4 ద్వారా జూనియర్ యూరోవిజన్‌లో ఐర్లాండ్ పిల్లలు ఐరిష్‌లో ఎంత చక్కగా పాడారో మీకు తెలుసు. మళ్లీ పోటీకి వెళ్లే ఏడాది కన్నెమారా, డొనెగాల్ ప్రాంతాల్లో ఐరిష్ భాషలో రాసే రచయితలను, పాడే గాయకులను ముందుగానే పిలిచి, వారికి తగినంత వ్యవధి ఇచ్చి, వారు సిద్ధం చేసిన పాటల్లో ఒకదాన్ని పంపవలసిందిగా మనఃపూర్వకంగా కోరుతున్నాను.

భవదీయుడు,
డబ్లిన్ నివాసి