పేరొక్కటే, తెల్ల మచ్చలు మూడు రకాలు

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో ఇంట్లో చేపల పెంపకం గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. చేప ఒంటి మీద తెల్ల మచ్చలు కనిపిస్తే నీళ్లలో గుప్పెడు కల్లుప్పు వేసి, హీటరు 30 డిగ్రీలకు పెట్టమన్నారు. మంచినీటి చేపలకు ఆ వైద్యం పనిచేస్తుంది. కానీ పక్కన అచ్చేసిన ఫొటో క్లౌన్ చేపది. అది పుట్టి పెరిగేదే ఉప్పునీళ్లలో. ఇంకో గుప్పెడు ఉప్పు దానికేం మందు?

నేను 31 ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మనవడి ముచ్చట కాదనలేక రెండేళ్ల కిందట 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టాం. నాలుగు చేపలు, ఒక క్లీనర్ రొయ్య. ఈమధ్య ఒక బ్లూ టాంగ్‌ని కొనుక్కొచ్చి, కొన్ని వారాలు విడిగా ఉంచాల్సింది పోయి నేరుగా తొట్టిలో వదిలేశాను. తప్పు నాదే. పది రోజులకు దాని రెక్కల మీద రవ్వ చల్లినట్టు చుక్కలు. దుకాణంలో నీలం మందు సీసా ఇచ్చారు. వేశాం. నాలుగో రోజుకు చుక్కలు మాయం! మనవడు చప్పట్లు కొట్టాడు, నేనూ నమ్మాను. ఇంకో వారం తిరక్కుండా ఐదింటికీ పట్టేసింది. టాంగ్ ఆ రాత్రే పోయింది, మర్నాడు ఇంకోటి.

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా మరిదికి ఫోన్ చేశాను. "వైట్ స్పాటా? ఇంక మందు లేదు వదినా, నీళ్లన్నీ పారబోసెయ్" అన్నాడు. 1995లో చెరువులన్నీ దానికే పోగొట్టుకున్నవాడు, ఆ పేరు వింటేనే టెన్షన్. కానీ రొయ్యకు వచ్చేది వైరస్. చేపకు వచ్చేది ఒకే కణం ఉన్న పరాన్నజీవి. మళ్లీ అందులోనూ మంచినీటిది వేరు, సముద్రానిది వేరు.

నాకు చేతనైన పని ఒకటే కాబట్టి, పోయిన టాంగ్ మొప్ప గీరి స్లైడు మీద పెట్టి చూశాను. ఒళ్లంతా సన్నటి నూగుతో, గుండ్రంగా ఉన్న జీవి ఒకటి మెల్లగా గిరగిరా తిరుగుతోంది. రంగేసి చూస్తే కేంద్రకం నాలుగు పూసలు గుచ్చినట్టుంది. మంచినీటి రకానికైతే అది గుర్రపు నాడాలా ఉంటుంది. నేను చూసిన ఈ సముద్రపు రకం పేరు క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్.

చుక్కలు మాయమవడం మందు మహిమ కాదు. ఈ జీవి చేప చర్మం కింద మూణ్ణాలుగు రోజులు, మహా అయితే వారం తిని, తనంతట తానే రాలిపోతుంది. అడుక్కి వెళ్లి ఇసుకకో రాయికో అంటుకుని తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తి పగిలితే ఒక్కోదాంట్లోంచి రెండు వందల దాకా పిల్లలు బయటికొచ్చి చేప కోసం ఈదుతాయి. ఈ జబ్బుకు వాడే మందు రాగి. అది చంపగలిగేది ఈ ఈదే పిల్లల్నే. చేప ఒంట్లో ఉన్నదాన్నీ, తిత్తిలో ఉన్నదాన్నీ ఏమీ చేయలేదు. అందుకే వైద్యం వారాల తరబడి సాగాలి.

మిగిలిన మూడు చేపల్నీ 100 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాను. ఇసుక, రాళ్లు పెట్టలేదు, అవి రాగిని పీల్చేస్తాయి. దాక్కోవడానికి రెండు పైపు ముక్కలు వేశానంతే. మందు మైలుతుత్తం, అంటే రాగి ఉండే కాపర్ సల్ఫేట్. పొలాలకు వాడేది కాదు, ల్యాబులో వాడే శుద్ధమైనది. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల రాగి ఉండాలంటే 100 లీటర్లకు సుమారు 80 మిల్లీగ్రాముల తుత్తం చాలు. అంటే చిటికెలో కొసరు. దాన్ని రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా కలిపి, రోజూ కిట్‌తో కొలిచాను. 0.15 కన్నా తగ్గితే పురుగు బతుకుతుంది, మోతాదు మించితే చేప చస్తుంది. సున్నితమైన కాటా, రాగి కిట్ లేనివాళ్లు దీని జోలికి పోవద్దు. 28 రోజులు అలా ఉంచాను. మూడూ బతికాయి.

క్లోరోక్విన్ కూడా ఈ జబ్బుకు వాడతారని తెలిసి నవ్వొచ్చింది. ఉద్యోగమంతా నేను మలేరియా స్లైడు చూడటం, పక్క గదిలో ఆ మాత్రలివ్వడం. ఉప్పు సంగతంటారా, వెయ్యడం కాదు, తగ్గించడం ఒక వైద్యం. లీటరుకు సుమారు 35 గ్రాములుండే సెలినిటీని, అంటే నీళ్లలోని ఉప్పు శాతాన్ని, 15 కిందికి దించి వారాల పాటు అక్కడే నిలపాలి. మా మరిది చెరువులో ఉప్పు కొలవడానికి వాడే రిఫ్రాక్టోమీటర్ ఉంటే అదీ చేసుకోవచ్చు. కానీ రొయ్యలున్న తొట్టిలో రాగీ కుదరదు, సెలినిటీ దించడమూ కుదరదు. రెంటికీ రొయ్యలు చస్తాయి. క్లీనర్ రొయ్య పురుగుల్ని ఏరుకు తినేస్తుందని దుకాణాల్లో చెబుతుంటారు. మా ఇంట్లో అది ఉండగానే ఇదంతా జరిగింది.

ఆ వ్యాసంలోని వైద్యం మంచినీటి చేపలకు మాత్రమేనని వచ్చే ఆదివారం ఒక్క వాక్యం వెయ్యండి. ఫొటో కూడా మారిస్తే మరీ మంచిది.

పెద్ద తొట్టిలో ఇప్పుడు రొయ్య ఒక్కతే ఉంది. తిత్తులు చాలావరకు 28 రోజుల్లోపే పగులుతాయి గానీ, 70 రోజులు దాటాక పగిలినవీ ఉన్నాయి. అందుకని 76 రోజులు చేప లేకుండా ఉంచుతున్నాం. ఇవాళ్టికి 41. మనవడు క్యాలెండరులో కొట్టేస్తున్నాడు.

ఇట్లు
మీ పాఠకురాలు, కాకినాడ