పోత వేరు, ఫోర్జింగ్ వేరు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో విమానాల పైపు ఫిట్టింగుల గురించి రాశారు. సంతోషం. కానీ ‘లోహాన్ని కరిగించి అచ్చుల్లో పోసి ఫోర్జింగ్ చేస్తారు’ అన్న వాక్యం దగ్గర నాకు కాఫీ పొలమారింది. కరిగించి పోస్తే అది పోత, అంటే కాస్టింగ్. ఫోర్జింగులో లోహం కరగనే కరగదు. బాగా కాల్చి, డైల మధ్య, అంటే ఆకారం చెక్కిన ఉక్కు దిమ్మెల మధ్య పెట్టి, హామరుతోనో ప్రెస్సుతోనో కొడతారు. 28 ఏళ్లు ఆటోనగర్‌లో ఆ చప్పుడు విన్నవాణ్ణి. ఎడమ చెవి పోయింది గానీ ఈ తేడా మాత్రం పోలేదు.

మాటల పట్టింపు అనుకోకండి. మా నాన్న నాగలి కోసం తిన్నటి దుంగను వంపుగా చెక్కేవాడు కాదు, వంపు తిరిగి పెరిగిన తుమ్మకొమ్మ కోసం చుట్టుపక్కల ఊళ్లన్నీ గాలించేవాడు. చెక్కిన చోట కర్ర చార తెగుతుంది, ఎడ్లు లాగితే అక్కడే విరుగుతుంది. లోహానికీ అలాంటి చారే ఉంటుంది. ఎల్బోని, అంటే పైపు మలుపు దగ్గర పెట్టే వంపు ఫిట్టింగుని, కడ్డీలోంచి కోసి తీస్తే మలుపు దగ్గర అది తెగుతుంది. కొట్టి చేస్తే మలుపుతోపాటే తిరుగుతుంది. చాలా విమానాల హైడ్రాలిక్ లైన్లలో, అంటే ఒత్తిడితో నూనె పారే పైపుల్లో, ఒత్తిడి 3000 పీఎస్ఐ. మన కారు టైరుకు కొట్టించేది 32, 33.

ఇంకోటి. కారు పైపుల ఫ్లేరు, అంటే గరాటులా విప్పిన పైపు చివర, మామూలుగా 45 డిగ్రీలు, విమానాలది 37. కొన్ని సైజుల్లో మర ఒకటే కాబట్టి ఒకదానికొకటి బిగుస్తాయి కూడా. కానీ సరిగా కూర్చోవు, కారతాయి. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లు తప్పు చేసేది ఇక్కడే.

మీరు అసలు రాయనిది హీట్ నంబరు. ఏ కాపులో, అంటే ఏ విడతలో కరిగించి తీసిన లోహమో చెప్పే ఆ అంకె ముక్క మీద ఉండాలి, సర్టిఫికెట్‌తో కలవాలి. ఒకసారి మా షెడ్డులో ఒక కుర్రాడు నునుపు వస్తుందని 40 ఎల్బోల మీద ఆ అంకెల్ని గ్రైండరుతో చెరిపేశాడు. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా మొత్తం స్క్రాప్‌లో పడేశాం. వాడు రెండ్రోజులు అన్నం తినలేదు, ఓనరు వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

దయచేసి సవరణ వేయండి. నిలువుగా కోసి, యాసిడ్‌లో ముంచిన ఎల్బో ముక్క ఒకటి మా ఇంట్లో ఉంది. చార కంటికి కనిపిస్తుంది. మీ విలేకరి ఇటువైపు వస్తే చూపిస్తాను, ఫొటో తీసుకోవచ్చు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫోర్జింగ్ ఇన్‌స్పెక్టర్,
గాజువాక, విశాఖపట్నం