గిరిజన సలహా మండలిలో చెంచులకు చోటివ్వాలి

సంపాదకులకు,

నల్లమలలోని అమ్రాబాద్ ప్రాంతంలో, గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగం ఐదో షెడ్యూలు వర్తించే ఊళ్లున్నాయి. అక్కడి చెంచులు ఓటేసే అచ్చంపేట అసెంబ్లీ స్థానం, నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానం రెండూ ఎస్సీ రిజర్వుడు. దళితులకు ఆ సీట్లు ఉండాల్సిందే, అందులో రెండో మాట లేదు. మరి చెంచుల మాట సభలో ఎత్తేదెవరు?

ఆ ప్రాంతంలోనే ఆశ్రమ పాఠశాలలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. పోయిన నెల పాత విద్యార్థి ఒకతను పెంట (చెంచుల గూడెం) నుంచి వనస్థలిపురంలోని మా ఇంటికి వచ్చాడు. ప్లాస్టిక్ కవర్లో మడిచిన అర్జీ, కింద వరసగా నీలం వేలిముద్రలు. పులుల అడవి పేరుతో తమను ఖాళీ చేయిస్తారేమోనని వాళ్ల టెన్షన్. "మేడం, ఇది ఎవరికియ్యాలె?" అని అడిగాడు. తెలిసిన ఆఫీసులన్నీ చెప్పాను. వాటిలో చెంచు మనిషి కూర్చునే గది ఒక్కటీ నాకు గుర్తుకు రాలేదు.

ఆదివాసుల మాట వినే సంఘానికి రాజ్యాంగంలో చోటు కల్పించాలని ఆస్ట్రేలియాలో 2023 అక్టోబరు 14న రెఫరెండం పెడితే ఓడిపోయింది. మనకు ఎస్టీల సంక్షేమంపై ప్రభుత్వానికి సలహాలిచ్చే గిరిజన సలహా మండలి రాజ్యాంగంలో 1950 నుంచే ఉంది. అందులో 20 మంది దాకా ఉండొచ్చు, సుమారు ముప్పాతిక మంది ఎస్టీ ఎమ్మెల్యేలే కావాలి. అంటే 15 మంది. తెలంగాణలో ఎస్టీ స్థానాలు 12. ఎమ్మెల్యేలు చాలకపోతే మిగిలిన చోట్లను ఆ తెగలవారితోనే నింపాలని ఐదో షెడ్యూలు చెబుతోంది. అలా మూడు వస్తాయి. తక్కిన ఐదింటిలో ఒకటి కలిపితే చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి తెగలకు తలా ఒకటి దక్కుతుంది. ఇంత తక్కువ జనాభాతో వీళ్లు ఎన్నికల్లో ఎక్కడ నెగ్గుతారు? అలాగే జనాభా తక్కువున్న ఆంగ్లో ఇండియన్లను శాసనసభకు నామినేట్ చేసే ఏర్పాటు 2020 జనవరి దాకా నడిచింది కదా.

సభ్యుల నియామకంపై నిబంధనలు చేసే అధికారం గవర్నర్‌దే. ఈ నాలుగు తెగల పేర్లూ అందులో రాయాలి. సభ్యులెవరో పెంటల్లో, గూడేల్లో పెద్దలు కూర్చుని తేల్చాలి, జిల్లా ఆఫీసులో కాదు. సమావేశం కాగితాలు తెలుగులో, ముందుగా పంపాలి. అడవి నుంచి హైదరాబాద్ వచ్చే మనిషికి బస్సు చార్జీ, పోయిన కూలి కూడా ఇవ్వాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
వనస్థలిపురం, హైదరాబాద్