మన ఫుట్‌బాల్ సంఘం వార్షిక నివేదిక – 2025, విజయనగరం

సభ్యులందరికీ, పిల్లల తల్లిదండ్రులకూ నమస్కారం.

ఏటా ముందు జమాఖర్చులు, తర్వాత కార్యక్రమాలు రాస్తాం. ఈసారి ఆ వరస మార్చాను. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో పదికాలాలు ఉండేది ఒకటుంది. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఆడిన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ ఆరు సీజన్ల చరిత్రను మన చేత్తో మనమే ఒక పెద్ద లెడ్జరులో రాసుకున్నాం. ముందు దాని గురించి చెబుతాను.

ఎందుకు రాశామో మీకు తెలుసు. అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలిపోతోందనీ, ఇకమీదట స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ పేరుతో ఆడుతుందనీ వార్త వచ్చింది. ఆ ఆదివారం పొద్దున్న ప్రాక్టీసుకి ఆ జట్టు పసుపు జెర్సీ వేసుకొచ్చిన ఎనిమిదో తరగతి కుర్రాడు ఒకడు, "ఇంక దీన్ని వేసుకోకూడదా అన్నా?" అని అడిగాడు. మాలో ఎవరికీ వెంటనే నోరు రాలేదు. జట్టు వెళ్లిపోవచ్చు గానీ, మనం చూసిన ఆట మనదేనని ఆ వారం కార్యవర్గంలో అనుకున్నాం. లెడ్జరు పని అలా మొదలైంది. ఒకరు గుర్తున్నది చెప్పడం, ఇంకొకరు పాత పేపరు కటింగులతో సరిచూడడం, మంచి దస్తూరీ ఉన్న పిల్లలు రాయడం. దీపావళి తర్వాత వరసగా ఆరు ఆదివారాలు, ఆదివారానికి ఒక సీజన్.

మొదటి సీజన్ 2019–20. ఎఫ్‌సీ పుణె సిటీ స్థానంలో వచ్చిన జట్టు ఇది. కోల్‌కతాలో తొలి మ్యాచే ఏటీకే చేతిలో 5–0తో పోయింది. సొంత మైదానం గచ్చిబౌలిలో మొదటి మ్యాచ్‌లో మాత్రం కేరళ బ్లాస్టర్స్‌ను 2–1తో కొట్టాం, మార్సెలిన్యో ఫ్రీకిక్‌తో. ఆ తర్వాత ఓటమి మీద ఓటమి. 18 మ్యాచ్‌ల్లో 2 గెలుపులు, 10 పాయింట్లు, పది జట్లలో పదో స్థానం. "ఇంత చెత్త సీజన్‌ని ఇంత వివరంగా రాయాలా?" అని ఒక సభ్యుడు అడిగారు. రాయాలనే నిర్ణయించాం. అట్టడుగున ఉన్న జట్టు రెండేళ్లలో ఎక్కడికి ఎక్కిందో తెలియాలంటే ఆ అడుగు ఎక్కడుందో రాసి ఉండాలి కదా.

2020–21లో కరోనా వల్ల లీగ్ మొత్తం గోవాలోనే, ప్రేక్షకులు లేకుండా జరిగింది. కోచ్‌గా స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చారు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్లను నమ్మి దింపారు. చివరి మ్యాచ్‌లో గోవా మీద గెలిస్తే టాప్ 4. అది 0–0 అయింది. ఐదో స్థానంతో సరిపెట్టుకున్నాం.

ఇక 2021–22. లెడ్జరులో ఎక్కువ పేజీలు దీనివే. మన స్ట్రైకర్ ఒగ్బెచే ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ను రెండు మ్యాచ్‌లూ కలిపి 3–2తో దాటాం. మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్. ఎదుట కేరళ. స్టేడియం నిండా పసుపే, కానీ అది వాళ్ల పసుపు. 68వ నిమిషంలో కేరళ ఆటగాడు రాహుల్ గోల్ కొట్టాడు. 88వ నిమిషం వరకూ మనం 0–1. ఇక అయిపోయిందనుకున్న టైమ్‌లో బాక్సు బయట నుంచి సాహిల్ తవోరా గాల్లో ఉన్న బంతిని వాలీ కొట్టాడు. 1–1. ఎక్స్‌ట్రా టైమ్‌లోనూ తేలలేదు, పెనాల్టీలు.

ఇక్కడ మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి గురించి ఆగి చెప్పాలి. కేరళ ఆటగాడు లెస్కోవిచ్ కిక్ ఆపాడు. నిషు కుమార్ కిక్ కూడా ఆపాడు. కానీ కిక్ కొట్టకముందే కీపర్ గోల్ లైను దాటాడని రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు. ఆపిన కిక్‌ని మళ్లీ ఎదుర్కోవాలంటే ఏ కీపర్‌కైనా కాళ్లు వణుకుతాయి. కట్టిమణి రెండోసారీ ఆపాడు. తర్వాత జీక్సన్‌దీ ఆపాడు. హలిచరణ్ నర్జారీ ఆఖరి పెనాల్టీ వేసేసరికి 3–1, కప్పు మనది. ఆ రాత్రి గంటస్తంభం దగ్గర మనవాళ్లు పదిమందీ గంతులేస్తుంటే, టీ కొట్టు ఆయన క్రికెట్ గెలిచామా అని అడిగారట. మన పిల్లల్లో గోల్ పోస్టు దగ్గర నిలబడతామనేవాళ్లు ఎక్కువైంది ఆ ఏడాది నుంచే.

2022–23లో 42 పాయింట్లతో రెండో స్థానం. మన సభ్యులు కొందరు విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సెమీఫైనల్ మొదటి మ్యాచ్‌కి గచ్చిబౌలి వెళ్లారు. అది 0–0, కోల్‌కతాలో రెండోదీ 0–0, పెనాల్టీల్లో పోయింది. వాళ్లు దాచుకున్న టికెట్ లెడ్జరులో అంటించాం. మన దగ్గరున్న అసలైన ఆధారం అదొక్కటే. సీజన్ అయ్యాక మార్కెజ్ గోవా జట్టుకు వెళ్లిపోయారు.

2023–24 రాయడం కష్టమనిపించింది. జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరూ వెళ్లిపోయారు. కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. తాంగ్బోయ్ సింగ్టో కోచ్‌గా, కుర్రాళ్లతోనే జట్టు నెట్టుకొచ్చింది. 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు, చెన్నయిన్ జట్టు మీద 1–0. మొత్తం 8 పాయింట్లు, ఆఖరి స్థానం. అయినా ఆ కుర్రాళ్లు ప్రతి మ్యాచ్‌కీ బూట్లు కట్టుకుని దిగారు. నా మటుకు నాకు కప్పు గెలిచిన జట్టు మీద ఎంత గౌరవముందో వీళ్ల మీదా అంతే ఉంది. అందుకే ఆ పేజీలో ఓటములతో పాటు ఆడిన కుర్రాళ్ల పేర్లూ రాయించాం.

2024–25లో యాజమాన్యం మారింది. కోల్‌కతాలో మొహమ్మడన్ జట్టు మీద 4–0 గెలుపు తప్ప చెప్పుకోడానికి పెద్దగా లేదు. 13 జట్లలో 12వ స్థానం. అదే హైదరాబాద్ పేరుతో ఆడిన చివరి ఐఎస్ఎల్ సీజన్.

లెడ్జరు చివర్లో రెండు పేజీలు పాత కథకు ఇచ్చాం. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, ఆ జట్టును తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం, ఆయన కోచ్‌గా 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మన దేశానికి వచ్చిన బంగారు పతకం. ఇవి పిల్లలకు కొత్త సంగతులు. "మన రాష్ట్రం వాళ్లా?" అని మళ్లీ మళ్లీ అడిగారు.

మిగతా పనులు క్లుప్తంగా. ఆదివారం ప్రాక్టీసు వానాకాలంలో తప్ప ఆగలేదు. వేసవిలో పిల్లలకు శిక్షణ పెట్టాం. ఈసారి నలుగురు ఆడపిల్లలు వచ్చారు, నలుగురూ ఇప్పటికీ వస్తున్నారు. సిరిమానోత్సవం రోజు ఎప్పటిలాగే మంచినీళ్లు, మజ్జిగ పంచాం. ఊళ్లో ఒకచోట కొన్న బంతుల కుట్లు నెల తిరక్కుండానే ఊడిపోయాయి. తిరిగి తీసుకోలేదు, ఆ డబ్బు పోయినట్టే. ఇకనుంచి బంతులు కొనేముందు ఇద్దరు సీనియర్ ఆటగాళ్లు చూడాలని తీర్మానించాం. పూర్తి జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు సమావేశంలో చదువుతారు.

వచ్చే ఏడాదికి రెండు కోరికలు. ఒకటి, గోల్ పోస్టులకు వలలు. రెండోది, మీ ఇళ్లల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ తాలూకు ఫొటోలు, టికెట్లు, పేపరు కటింగులు ఏమున్నా తెచ్చివ్వండి. అసలుది ఇవ్వడం వద్దనుకుంటే కాపీ తీసి తిరిగి ఇచ్చేస్తాం. ఆ పసుపు జెర్సీ కుర్రాడు ఇప్పటికీ దాన్నే వేసుకొస్తున్నాడు, 2021–22 పేజీలు రాసింది అతనే. లెడ్జరు సంఘం గదిలో బీరువా పై అరలో ఉంది. ఆదివారం ప్రాక్టీసు అయ్యాక తీసి బల్ల మీద పెడతాం, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు.

– కార్యదర్శి