నోటి క్యాన్సర్: మందు కంటే ముందు ముక్క సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

తల, మెడ క్యాన్సర్లకు వచ్చిన కొత్త మందుల గురించి ఈమధ్య పత్రికల్లో తరచుగా వార్తలు వస్తున్నాయి. మందు పేరు, ధర, ఆయుష్షు ఎన్ని నెలలు పెరిగిందన్న లెక్క రాస్తున్నారు. ఆ మందు ఎవరికి పనికొస్తుందో తేల్చే ముక్క పరీక్ష (బయాప్సీ) గురించి మాత్రం ఎక్కడా ఒక్క ముక్క కనిపించదు. పని చెడేది ఎక్కువగా అక్కడే.

ఈ మందుల గురి కణత్వచం మీదుండే ప్రొటీన్లు. వాటిలో ఈజీఎఫ్‌ఆర్ ఒకటి. దాని ఒక కొస కణం బయట, రెండో కొస లోపల ఉంటుంది. పెరగమనే సంకేతం బయటి కొసకు తగలగానే పక్కపక్కనున్న రెండు అణువులు జతకడతాయి, లోపలి కొసలోని ఎంజైము మేల్కొంటుంది, కణం విభజనకు దిగుతుంది. తల, మెడ క్యాన్సర్లలో నూటికి 80కి పైగా ఈ ప్రొటీన్ మోతాదు మించి కనిపిస్తుంది. సెటుక్సిమాబ్, నిమోటుజుమాబ్ బయటి కొసను మూసేస్తాయి. ఎర్లోటినిబ్ మాత్ర లోపలి ఎంజైమును ఆపుతుంది. ముంబయిలోని క్యాన్సర్ ఆస్పత్రి టాటా మెమోరియల్‌లో 536 మంది మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, కీమో మందు సిస్‌ప్లాటిన్, రేడియేషన్‌లకు వారానికి 200 మిల్లీగ్రాముల నిమోటుజుమాబ్ జోడిస్తే రెండేళ్ల దాకా జబ్బు ముదరనివారు 50.4 శాతం నుంచి 61.8 శాతానికి పెరిగారు. మొత్తం ఆయుష్షులో మాత్రం ఖాయంగా చెప్పదగ్గ తేడా తేలలేదు.

ఈజీఎఫ్‌ఆర్ అనే పేరు చూసి జరిగే దుబారా ఒకటుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో చేసే ‘ఈజీఎఫ్‌ఆర్ మ్యుటేషన్’ పరీక్షను బుగ్గ క్యాన్సర్‌కూ రాయడం. ఊపిరితిత్తుల్లో ఆ జన్యువులో తప్పు పడుతుంది కాబట్టి అక్కడ మాత్ర పనిచేస్తుంది. నోటి క్యాన్సర్‌లో జన్యువు చాలావరకు సవ్యంగానే ఉంటుంది, ప్రొటీనే ఎక్కువగా తయారవుతుంది. కనుక వేలు పోసి చేయించిన ఆ పరీక్ష దాదాపు ఎప్పుడూ ‘లేదు’ అనే చెబుతుంది. రంగు వేసి ఈజీఎఫ్‌ఆర్ ఎంత ఉందో చూసినా సెటుక్సిమాబ్ ఎవరికి పనిచేస్తుందో తెలియదు. గుట్కా, ఖైనీ నమిలేవారి బుగ్గ క్యాన్సర్‌కు హెచ్‌పీవీ వైరస్ జాడ చెప్పే పీ16 పరీక్షా అలాంటిదే. అది టాన్సిల్, గొంతు వైపున్న నాలుక వెనుక భాగాల క్యాన్సర్లకు సంబంధించినది.

మందును నిజంగా నిర్ణయించే ప్రొటీన్ పీడీ-ఎల్1. మన రక్షణ కణాలు దాడికి వచ్చినప్పుడు క్యాన్సర్ కణం దీన్ని పైకెత్తి ‘నేనూ మీవాణ్ణే’ అని నమ్మించి పంపేస్తుంది. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ ఈ మోసానికి అడ్డుపడతాయి. జబ్బు తిరగబెట్టినా, వేరేచోటికి పాకినా పెంబ్రోలిజుమాబ్‌ను మొదటి మందుగా వాడటానికి అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. ఆపరేషన్‌కు ముందూ వెనుకా వాడటానికి 2025 జూన్‌లో అనుమతించారు. దానికి షరతు, ముక్కలో పీడీ-ఎల్1 ఎంత ఉందో చెప్పే సీపీఎస్ అనే స్కోరు కనీసం 1 ఉండాలి. అంటే కోత పెట్టకముందే, మొదటి రోజు తీసిన గోరంత ముక్క మీదే, లక్షల ఖర్చున్న నిర్ణయం జరగాలి.

ఆ స్కోరు ఎలా వస్తుందో చూడండి. స్లైడు మీద బతికున్న క్యాన్సర్ కణాలు కనీసం 100 ఉండాలి. పీడీ-ఎల్1 ఉన్నచోట పట్టే రంగు వేసి, వాటిలో పొర మీద రంగు పట్టినవెన్నో లెక్కపెడతారు. రంగు పొర చుట్టూ పూర్తిగా పట్టకపోయినా, పలచగా ఉన్నా లెక్కే. కణం లోపల మాత్రమే పడితే లెక్కలోకి రాదు. వాటికి రంగు పట్టిన రక్షణ కణాలు, అంటే లింఫోసైట్లు, మాక్రోఫేజ్‌లు కలిపి, మొత్తం బతికున్న క్యాన్సర్ కణాలతో భాగించి 100తో హెచ్చిస్తారు. 200 క్యాన్సర్ కణాల్లో 30కి రంగు పట్టి, పక్కన 14 రక్షణ కణాలకూ పడితే స్కోరు 22. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే లెక్క ప్రకారం రక్షణ కణాలను వదిలేస్తే అదే స్లైడుకు 15. స్కోరు 20 గానీ అంతకు మించి గానీ ఉంటే కీమో లేకుండా ఈ మందు ఒక్కటే ఇవ్వడానికి వైద్యులు మొగ్గుతారు, కనుక ఈ తేడా కాగితం మీదితో ఆగదు. పుండు పడిన నోటి గడ్డలో న్యూట్రోఫిల్స్ అనే మరో రకం రక్షణ కణాలు గుంపులుగా ఉంటాయి, అవి ఈ లెక్కలోకి రావు. వాటిని పొరపాటున కలిపితే స్కోరు ఉత్తినే పెరుగుతుంది.

ఇదంతా ముక్క బాగుంటేనే. సెలైన్‌లో వేసి పంపిన ముక్క దారిలోనే కుళ్లడం మొదలవుతుంది. ముక్క చెడకుండా ఉంచే ద్రవం ఫార్మలిన్. పులుపెక్కకుండా ఆపే బఫర్ లవణాలు లేని ఫార్మలిన్ నిల్వ ఉంటే పులుస్తుంది, స్లైడు మీద నల్లటి మచ్చలు పడతాయి, రంగు సరిగా పట్టదు. కావలసింది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. లీటరుకు బజారు ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ముక్క పరిమాణానికి కనీసం పదింతల ద్రవం పోయాలి. సీసా మూతి ఇరుకుగా ఉండకూడదు. ముక్కను 12 గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా ఉంచాలి. శనివారం తీసిన ముక్క మంగళవారం రాత్రిదాకా బల్ల మీదే ఉండిపోతే గడువు దాటినట్టే. పుండు నడిమధ్య నుంచి తీస్తే చచ్చిన కణజాలమే వస్తుంది, అంచు నుంచి తీయాలి.

ఉత్తరాంధ్రకు ప్రత్యేకించిన చిక్కు ఇంకొకటి. అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగేవారికి వచ్చే అంగిలి క్యాన్సర్‌లో పలచటి పొర కిందే ఎముక ఉంటుంది. ఆపరేషన్‌లో తీసిన గడ్డను ఎముక మెత్తబడటానికి ఆమ్లంలో ఎముకతో సహా నానబెడితే పీడీ-ఎల్1 ఫలితం నమ్మడానికి లేదు. ఆమ్లంలో వేయకముందే మెత్తని భాగం కొంత కోసి వేరే బ్లాకు (మైనంలో అమర్చిన ముక్క) చేయాలి. అది ల్యాబులో అయిదు నిమిషాల పని.

ఖరీదు భరించలేనివారికి దారి లేకపోలేదు. టాటా మెమోరియల్ వైద్యులే 151 మందిలో, నయం చేయడం సాధ్యంకాని దశలో, మాత్రలైన మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్‌లకు మూడు వారాలకోసారి కేవలం 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ జోడించారు. మామూలు మోతాదు రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు. ఏడాదికి బతికున్నవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. ఉభయ రాష్ట్రాల ఆరోగ్య పథకాల ప్యాకేజీలు సవరించేటప్పుడు ఈ పద్ధతిని పరిశీలించాలి.

అంతకంటే ముందు, నోటి ముక్కలు తీసే ప్రతి జిల్లా ఆస్పత్రికి, డెంటల్ కాలేజీకి బఫర్డ్ ఫార్మలిన్ నింపిన సీసాలు సరఫరా చేయాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాం. ముక్క తీసిన సమయం, ద్రవంలో వేసిన సమయం, తీసిన చోటు ఫారం మీద రాయడం తప్పనిసరి చేయాలి. రిపోర్టుల్లో ‘పాజిటివ్’, ‘నెగెటివ్’ అని తేల్చేయకుండా సీపీఎస్ అంకె, రంగు వేయడానికి వాడిన యాంటీబాడీ పేరు, లెక్కకు సరిపడా కణాలున్నాయో లేదో రాయించాలి. రోగి బంధువులు ఆ రిపోర్టుతోపాటు బ్లాకునూ అడిగి తీసుకోవాలి. వేరే ఊరికి వెళ్తే అక్కడ మళ్లీ ముక్క తీయించుకునే బాధ తప్పవచ్చు.

— పాథాలజీ విభాగంలో పనిచేసే పాఠకులు, విశాఖపట్నం