ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాను

గ్రూపులో అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం డిశ్చార్జి చేశారు. కాలి వాపు ఇంకా ఉంది కానీ ప్రాణానికి ఢోకా లేదన్నారు. ఫోన్లు చేసినవారికి విడివిడిగా జవాబు ఇచ్చే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

మునుగోడు దారిలోని మా పత్తి చేనులో కరిచింది రక్తపింజర. 108 బండి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చింది. ఆ రాత్రి వార్డులో ఖాళీ మంచం లేదు, నర్సులు ఇద్దరే. అందులో ఒకామె నా రక్తం కొంచెం గాజు గొట్టంలో పోసి, కదపకుండా నిలబెట్టి, గడియారం చూసుకుని వెళ్లింది. సరిగ్గా 20 నిమిషాలకు వచ్చి వంచి చూసింది. గడ్డకట్టలేదు, నీళ్లలా జారింది. విషం ఎక్కినట్టే. వెంటనే సెలైన్‌లో విరుగుడు మందు పెట్టారు. 6 గంటల తర్వాత మళ్లీ అదే పరీక్ష. మధ్యలో ఎన్ని మంచాల నుంచి పిలిచినా ఆమె విసుక్కోలేదు. "పెద్దాయనా, దురద వచ్చినా వణుకు వచ్చినా చెప్పాలి, మొహమాటపడవద్దు" అంటూనే ఉంది. తెల్లవారుజామున చూస్తే బల్ల మీద ఆమె అన్నం డబ్బా మూత తీయకుండా అలాగే ఉంది. ఇలాంటివారి ఓపిక మీదే ఆసుపత్రులు నడిపిస్తే ఎలా? నాకు కోపం వచ్చేది అక్కడే.

వచ్చేటప్పుడు మిఠాయి ఇవ్వబోతే తీసుకోలేదు. "మీ ఊళ్లో ఎవరికైనా పాము కరిస్తే మంత్రాలు, తాడు బిగించడాలు, గాట్లు పెట్టడాలు వద్దు. కాలు కదపనివ్వకుండా నేరుగా పంపండి" అంది. పత్తి ఏరడానికి వెళ్లేవారికి ఈ మాట చేరవేయండి.

నన్ను చూడటానికి సాయంత్రాలు రండి, పగలంతా నిద్రే.