ఒక డాలరుకు పాట మొదలుపెడితే మునిగేది అమ్మేవాళ్లే

సంపాదకులకు నమస్కారం.

ఇంటి నుంచే ఆన్‌లైన్ వేలంలో పాత వస్తువులు అమ్మడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఖాతా తెరిచే పద్ధతి బాగానే చెప్పారు. కానీ ‘పాట ఒక డాలరు దగ్గర మొదలుపెట్టండి, ధర దానంతటదే పెరుగుతుంది’ అన్న సలహా నమ్మి దిగినవాళ్లు మొదటి నెలలోనే చేతులు కాల్చుకుంటారు.

ఆన్‌లైన్ వేలం సంస్థ ఈబే మన దేశంలోని కొనుగోలుదారుల కోసం నడిపిన సైటు 2018 ఆగస్టులో మూతపడింది. ఇప్పుడు ఇక్కడి నుంచి ఈబే వేలం అంటే విదేశాలకు అమ్మడమే. అక్కడ పాడేవాడు తాను ఇవ్వగల గరిష్ఠ మొత్తాన్ని రహస్యంగా నమోదు చేస్తాడు. రెండో మనిషిని దాటడానికి ఎంత అవసరమో అంతవరకే సైటు అతని తరఫున పాడుతుంది. ఒక గడియారానికి 60 డాలర్లు ఇచ్చేవాడు ఒక్కడే వస్తే అది ఒక డాలరుకే పోతుంది. 40 ఇచ్చే రెండో మనిషి కూడా వస్తేనే 41 పలుకుతుంది. అంటే మన ధర తేల్చేది ఓడిపోయినవాడే. బాలాపూర్ లడ్డూ పాటలోలా ఎదురెదురుగా నిలబడి పంతానికి పోవడం ఇక్కడ ఉండదు. చాలామంది చివరి పది సెకన్లలో వచ్చి పాడి పోతారు. ధర రాలేదని సరుకు ఆపేస్తే ఖాతాకు మచ్చ. బావమరిదిచేత పాట పెంచిస్తే ఖాతాకే ఎసరు.

అందుకే ముందు చేయాల్సిన పని ధర వాకబు. అడిగే ధరలు చూడొద్దు, ఎంతైనా అడగొచ్చు. సైటులో ‘అమ్ముడైనవి’ అన్న వడపోత పెట్టి, గత 90 రోజుల్లో అలాంటి వస్తువు ఎంతకు పోయిందో, ఎందరు పాడారో రాసుకోవాలి. పోటీ కనిపిస్తేనే వేలం, లేదంటే స్థిర ధర. కొండపల్లి దశావతారాల సెట్టు ఈ వారం కాకపోతే వచ్చే వారం దొరుకుతుంది, దానికోసం ఎవరూ పోటీపడరు, స్థిర ధరే నయం. తయారీ ఆగిపోయిన హెచ్‌ఎంటీ కీ గడియారం, పాత రాజమండ్రి రత్నం పెన్ను, అసలు సినిమా పోస్టరు లాంటివి వేలానికి నిలుస్తాయి.

వాటిలోనూ మెలికలున్నాయి. గడియారం కేసు అరిగిపోయి, డయల్ మాత్రం నిగనిగలాడుతోందంటే భూతద్దం పెట్టి చూడండి. అక్షరాల అంచులు అలుక్కుపోయి ఉంటే దానికి మళ్లీ రంగు వేయించారన్నమాట. ఆ సంగతి వివరణలో రాయకపోతే ‘చెప్పినట్టు లేదు’ అని వెనక్కి వస్తుంది, రాను పోను ఖర్చులు మన నెత్తినే. ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన పెన్ను ఎండకూ తేమకూ నలుపు తగ్గి గోధుమ రంగుకు తిరుగుతుంది, వేడినీళ్లతో కడిగితే మరీ చెడుతుంది. చల్లటి నీటితో సిరా పూర్తిగా తీసి, ఆరబెట్టి పంపాలి. ఫొటోలు ఫ్లాష్ లేకుండా కిటికీ పక్కన తీయండి. గీత పడిన చోటును దగ్గరగా ఇంకో ఫొటో తీసి పెట్టండి.

ఇక లెక్క. గడియారం 900 రూపాయలకు కొన్నారు. శుభ్రం చేయించడానికి 350, పెట్టెకు 60. పాట 1,600 దగ్గర ముగిసింది, తపాలా ఖర్చు 1,200 కొనేవాడు విడిగా ఇచ్చాడు. పైకి 290 లాభం. కానీ సైటు కమీషన్ తపాలా ఖర్చు కూడా కలిపి 2,800 మీద పడుతుంది. 15 శాతం అనుకుంటే 420. చివరికి 130 నష్టం. పాట మొదలు ధర ఈ ఖర్చులన్నీ దాటాలి.

తపాలా ఖర్చు తెలియాలంటే వస్తువును పెట్టెలో కట్టాక తూచాలి. కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5,000తో భాగిస్తారు. 30×25×20 పెట్టెలో 600 గ్రాముల బొమ్మ పెట్టినా 3 కిలోల ఛార్జీ పడుతుంది. అలాగని పెట్టె ఇరుకు చేస్తే బొమ్మ దక్కదు. కొండపల్లి బొమ్మలకు చేతులు విడిగా చెక్కి, చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. దెబ్బ తగిలితే ముందు ఊడేది అక్కడే. చుట్టూ 5 సెంటీమీటర్ల మెత్తదనం ఉంచి, మూసిన పెట్టెను ఊపి చూడండి. లోపల చప్పుడైతే మళ్లీ కట్టాల్సిందే. బుడగల ప్లాస్టిక్ నేరుగా రంగు మీద చుడితే వేడికి ఆ బుడగల అచ్చు పడుతుంది. ముందు బటర్ పేపరు చుట్టండి.

పాట ముగిసే వేళ కూడా ముఖ్యమే. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఆదివారం సాయంత్రం 6 అంటే వేసవిలో మనకు సోమవారం ఉదయం 6.30, చలికాలంలో 7.30. జనం తీరిగ్గా ఉండే ఆ వేళకు పాట ముగియాలంటే ఏడు రోజుల వేలాన్ని అంతకు ముందు సోమవారం అదే వేళకు పెట్టాలి.

కాగితాల విషయానికొస్తే, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ సైటులో 500 రూపాయలకు ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారుల కోడ్) వస్తుంది. ఏటా ఏప్రిల్–జూన్ మధ్య దాన్ని ధ్రువీకరించకపోతే నిలిపేస్తారు. జీఎస్టీ ఎగుమతిని అంతర్రాష్ట్ర అమ్మకంగానే చూస్తుంది. చిన్న టర్నోవరే కదా, రిజిస్ట్రేషన్ అక్కర్లేదులే అని ఊరుకోకుండా ముందే ఆడిటర్‌ని అడగండి. అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. సుంకం ఎవరు కడతారో వివరణలోనే రాయాలి.

చివరిగా నాణేల సంగతి. వైష్ణోదేవి బొమ్మ నాణేనికి లక్షలిస్తామనే ప్రకటనలు తెలిసినవే. పాత నాణేల పేరుతో తన పేరు వాడుకుని మోసం చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. అంతకన్నా పెద్ద చిక్కు 1972 నాటి పురావస్తువుల చట్టం. వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. దేశంలో అమ్మే వ్యాపారానికైనా లైసెన్సు కావాలి. నిజాం నాణేల మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది. 1340 అంటే 1921–22. నాణెం మీది చార్మినార్ బొమ్మ ద్వారంలో ‘ఐన్’ అనే ఉర్దూ అక్షరం ఉంటే అది ఉస్మాన్ అలీ ఖాన్ నాటిది, వందేళ్లు దాటిందో లేదో సంవత్సరం చూసుకోవాలి. ‘మీమ్’ అక్షరం ఉంటే చూడక్కర్లేదు. అది మహబూబ్ అలీ ఖాన్ నాటిది, ఆయన 1911లోనే మరణించారు.

‘విదేశాలకు ఇలాంటివి అమ్మండి’ అంటూ మీరు వ్యాసం పక్కన వేసిన వెండి రూపాయి ఫొటోలో ద్వారం మధ్య ఉన్నది మీమ్. దయచేసి సవరణ వేయండి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్